ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు

అనసూయమ్మ పోయిన మూడు నెలలకు, ఆవిడ చీరలు ఒక ఆశ్రమంలో ఇచ్చి వద్దామని బయల్దేరిన రోజున, అరుంధతికి మొదటిసారి తన భర్త చెప్పింది నిజమేమోననిపించింది.

అనసూయమ్మ అరుంధతి తల్లి. తునిలో టీచరుగా రిటైరై, భర్త పోయాక ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆవిడకి హిందీ రాదు. నేర్చుకోవాలని ప్రయత్నించనూ లేదు. కూరగాయల బండివాడితో తెలుగులోనే బేరమాడేది, వాడు హిందీలోనే జవాబిచ్చేవాడు, ఇద్దరికీ పేచీ వచ్చిన రోజు లేదు.

మే నెలాఖరులో ఆవిడ మనవడు ఆదిత్య, అంటే అరుంధతి అన్నగారి కొడుకు, కరోల్ బాగ్‌లో గది ఖాళీ చేయాల్సి వచ్చింది. సివిల్స్ కోచింగ్ కోసం వచ్చి రెండేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. వాడినీ, వాడి పుస్తకాలనీ తెచ్చుకోవడానికి అరుంధతి భర్త సుధీంద్ర కారు తీస్తుంటే, "నేనూ వస్తాను బాబూ, వాడు ఎలాంటి కొంపలో ఉంటున్నాడో ఒకసారి చూడాలి" అని ఆవిడ కూడా బయల్దేరింది. అరుంధతికి ఆ రోజు ఆఫీసు ఉంది. వెళ్లలేదు.

తిరిగి వచ్చేటప్పుడు డిక్కీ నిండా పుస్తకాల అట్టపెట్టెలు. వెనక సీటులో సగం కూడా అవే. మిగిలిన సగంలో ఎడమవైపు అనసూయమ్మ, ముందు సీటులో ఆదిత్య. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ. ఘాజీపూర్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కారు ఉన్నట్టుండి వేగం తగ్గిపోయింది. వెనకే వస్తున్న పాల డబ్బాల పికప్ వ్యాను వచ్చి గుద్దింది. ముందున్న ఇద్దరికీ సీటు బెల్టులున్నాయి. అనసూయమ్మకి లేదు. మెడ దగ్గర దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో మూడో రోజున ఆవిడ పోయింది.

"యాక్సిలరేటర్ నొక్కాను. కారు లాగలేదు" అన్నాడు సుధీంద్ర. పోలీసులతో అదే అన్నాడు, డాక్టరుతో అదే అన్నాడు, అంత్యక్రియలకి వచ్చిన బావగారితోనూ అదే అన్నాడు.

వ్యాను నడిపినవాడు మాత్రం "ఆగే వాలా రుక్ గయా" అన్నాడు. ముందువాడే ఆగిపోయాడు, నేనేం చేసేది అని. ఆదిత్య చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. "మామయ్య బ్రేకేశారేమో అత్తా, తెలీదు. నేను ఫోన్ చూస్తున్నా" అని ఏడ్చాడు. బండిని షెడ్డుకి తీసుకెళ్లి వెనక భాగం సొట్టలు తీయించినప్పుడు అక్కడివాళ్లు ఇంజనుకి స్కానర్ పెట్టి చూశారు. ఏ లోపమూ చూపించలేదు. వీధి చివరిదాకా నడిపి చూశారు. సాఫీగా నడిచింది.

పదకొండో రోజున అరుంధతి అన్నయ్య సదాశివరావు చెల్లెల్ని బాల్కనీలోకి పిలిచి గొంతు తగ్గించి, "రాత్రిళ్లు ఆ అమెరికా కాల్స్ అంటూ మేలుకునుంటాడు కదమ్మా. ఎండలో కునుకు పట్టుంటుంది. మనిషన్నాక పడుతుంది. ఒప్పుకుంటే పోయేదానికి కారు మీద పెడతాడేంటి?" అన్నాడు. అరుంధతి మాట్లాడలేదు. ఆ ఊరుకోవడం సదాశివరావుకి ఒప్పుకున్నట్టే కనిపించి ఉంటుంది.

నిజానికి ఆమె అంతకుముందే అడిగింది. ఆసుపత్రి వరండాలో, మొదటి రోజే. "నిద్రొచ్చిందా మీకు?" అని.

"లేదు" అన్నాడు సుధీంద్ర.

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఆ ప్రస్తావన రాలేదు. అతను కారు ముట్టుకోవడం మానేశాడు. నోయిడాలో ఆఫీసుకి మెట్రోలో వెళ్లి వస్తున్నాడు. ముందు గదిలో దివాన్ మీద పడుకుంటున్నాడు. రాత్రి ఫోన్లొస్తాయి, నీకు నిద్ర పాడవుతుంది అన్నాడు. ఇంట్లో మాటలు పాల ప్యాకెట్ల దగ్గరా, పూణే హాస్టల్లో ఉన్న కూతురు ఫోను చేసిందా లేదా అన్నదాని దగ్గరా ఆగిపోతున్నాయి.

చీరల రోజు ఆదివారం. అనసూయమ్మ ట్రంకు పెట్టె, ఇత్తడి సామాను, రెండు దుప్పట్ల మూటలు, పైగా పక్క ఫ్లాటు అన్నపూర్ణేశ్వరి గారు కూడా ఏవో బట్టలు ఇస్తానని తోడు వచ్చారు. ఆగస్టు ఉక్క. ఏసీ పూర్తిగా తిప్పినా చెమట ఆరడం లేదు. మయూర్ విహార్ వైపు ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి బండి మెల్లగా బిగపట్టినట్టనిపించింది. అరుంధతి కాలు ఇంకాస్త నొక్కింది. ఇంజను శబ్దం పెరగాల్సింది పోయి లోపలికి మింగుకుపోయింది. ఒక కుదుపు. మళ్లీ ఇంకొకటి. అరికాలు కింద పెడల్ ఉంది, అడుగంటా నొక్కి ఉంది, కానీ ఆ నొక్కుడికీ బండికీ ఏ సంబంధమూ లేదు. వెనక హారన్లు మోగిపోయాయి.

"ఏంటమ్మా, బ్రేకేశావా?" అన్నారు అన్నపూర్ణేశ్వరి గారు, డ్యాష్‌బోర్డు పట్టుకుని.

రెండు మూడు క్షణాల్లో బండి మళ్లీ అందుకుంది. ఏమీ జరగనట్టు దిగువకి దిగింది.

ఇంటికొచ్చాక ఆమె భర్తకి చెప్పలేదు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. అతను కంచం ముందు పెట్టుకుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని నమ్మకం ఇచ్చి, రేపు ఏమీ తేలకపోతే దాన్ని మళ్లీ లాక్కోవాల్సి వస్తుంది. అది ఇంకా పెద్ద దెబ్బ అనుకుంది. ముందు తను చూడాలి. చూశాకే చెప్పాలి.

అరుంధతి ఉద్యోగం వాతావరణ శాఖలో, పరికరాల విభాగంలో. దేశంలో ఎక్కడెక్కడినుంచో వచ్చే గాలివేగం కొలిచే పరికరాలనీ, వాన కొలిచే పరికరాలనీ సరిచూసి పంపడం ఆమె పని. తప్పు చూపించే పరికరం కంటే, అప్పుడప్పుడు మాత్రమే తప్పు చూపించే పరికరం ప్రాణం తీస్తుందని ఇరవై ఏళ్లుగా ఆమెకి తెలుసు.

సాహిబాబాద్‌లో ఇర్షాద్ భాయ్ గ్యారేజీ ఉంది. ఆఫీసు జీపులు అతనే చూస్తాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, మాటకి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. మొదటి రోజు అతనూ అందరిలాగే స్కానర్ పెట్టి చూసి, గ్యారేజీ చుట్టూ ఒక చక్కర్ కొట్టి వచ్చి, "మేడమ్‌జీ, గాడీ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు, బండికి ఏ లోపమూ లేదని.

"ఖాళీ బండి నడిపారు మీరు" అంది అరుంధతి హిందీలో. "మనుషులు కూర్చుని, సామాను వేసి, ఏసీ పెట్టి, ఎత్తు ఎక్కినప్పుడే పికప్ పడిపోతోంది. అప్పుడు చూడాలి."

ఇర్షాద్ ఆమె ముఖంలోకి చూశాడు. కారు వెనక భాగానికి కొత్తగా వేసిన రంగు చూశాడు. "ఏదైనా జరిగిందా ఈ బండిలో?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. ఎవరికీ చెప్పనంత నిదానంగా చెప్పింది. ఇర్షాద్ విని, షట్టర్ పక్కన పడి ఉన్న పాత బ్యాటరీలూ, ఒక గేర్‌బాక్సూ డిక్కీలోకి ఎత్తించాడు.

మొదట స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. ఇగ్నిషన్ కాయిల్స్ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూశాడు. పెట్రోలు ఫిల్టరు తీసి కొత్తది వేశాడు. ప్రతిసారీ ఇద్దరూ కలిసి బరువుతో ఫ్లైఓవర్ ఎక్కేవారు. పొద్దున్న వెళ్తే బండి సాఫీగా ఎక్కేది. గంటసేపు ఎండలో తిరిగి వెళ్తే మొరాయించేది. అదీ ప్రతిసారీ కాదు. ఇర్షాద్ తల గోక్కునేవాడు.

తర్వాత ఇంజను నుంచి ఒక సన్నని గొట్టం బయటికి తెచ్చి, పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోందో చూపించే గుండ్రటి గేజ్‌ని ముందు అద్దం మీద వైపర్ కింద ఇరికించాడు. డ్రైవరు సీటులోంచి ముల్లు కనిపిస్తూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం, సగం ఎత్తులో, బండి కుదుపు తినడానికి ఒక్క క్షణం ముందు ఆ ముల్లు నీరసించిపోయినట్టు కిందికి జారింది.

"పెట్రోల్ నహీ ఆ రహా" అన్నాడు ఇర్షాద్, పెట్రోలు అందడం లేదని. అతని గొంతులో ఉత్సాహం వినిపించింది. ట్యాంకులో ఉండే పంపు బలహీనపడిందని తేల్చాడు. పాతదే కదా, పడుతుంది. కొత్త పంపు వేశాడు.

అరుంధతి ఆ రోజు ఇంటికొచ్చి భర్త కోసం గుమ్మం దగ్గరే కూర్చుంది. మెట్రో దిగి వస్తున్నానని మెసేజ్ పెట్టాడు. ఇవాళ చెప్పేస్తాను అనుకుంది. అంతలో మళ్లీ, ఒక్కసారి పరీక్ష చేశాకే చెప్దాం అని ఆగిపోయింది.

ఆగడమే మంచిదైంది. మర్నాడు కొత్త పంపుతో ఎక్కితే ముల్లు మళ్లీ అలాగే జారింది. వెనకెవరో లారీవాడు తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయాడు. ఫ్లైఓవర్ దిగాక ఇర్షాద్ బండి పక్కకి ఆపించి, దిగి, రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించండి. నాకు తెలిసిందంతా చేశాను. ఇక ఇంజెక్టర్లు ఒక్కటే మిగిలాయి. కానీ అవి అని కూడా కచ్చితంగా చెప్పలేను" అన్నాడు.

అరుంధతి పక్కనే నిలబడింది. తన తల్లికి దెబ్బ తగిలిన చోటికి అక్కడినుంచి ఎంతో దూరం లేదు. గద్దలు ఘాజీపూర్ చెత్తకొండ మీద తిరుగుతున్నాయి. ఒక్క క్షణం ఆమెకి అన్నయ్య మాటే గుర్తొచ్చింది. బండికి రోగం ఉన్నంత మాత్రాన ఆ రోజు కూడా అదే జరిగిందని ఏముంది? కునుకు పట్టలేదని ఏముంది? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ వచ్చింది. తేలేదాకా అది వస్తూనే ఉంటుందని కూడా ఆమెకి తెలుసు.

"భాయ్, పంపు కొత్తది. మరి దానికి కరెంటు సరిగ్గా అందుతోందా?" అంది.

ఇర్షాద్ అక్కడే వెనక సీటు ఎత్తి, పంపు తీగల దగ్గర మీటరు పెట్టి చూపించాడు. పన్నెండు వోల్టుల పైనే ఉంది. "చూడండి, కరెంటు బాగానే ఉంది."

"నిలబడి ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కుతున్నప్పుడు ఎంతుందో చూడాలి. మా దగ్గర గాలి మీటర్లు బల్ల మీద పెడితే బ్రహ్మాండంగా చూపిస్తాయి. గాలి వీచే చోట పెడితే చచ్చిపోతాయి. చాలాసార్లు లోపం మీటర్లో ఉండదు, తీగలో ఉంటుంది."

ఇర్షాద్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "అయితే పంపు దగ్గర్నుంచి తీగలు తెచ్చి, వెనక సీటులో ఒకరు మీటరు పట్టుకుని కూర్చోవాలి. గేజ్ నేను చూస్తాను. మీరు నడుపుతారు. మా ఎలక్ట్రీషియన్‌ని పిలవమంటారా?"

"వద్దు. నేను తీసుకొస్తాను" అంది అరుంధతి.

ఆ సాయంత్రం సుధీంద్ర గిన్నెలు కడుగుతుంటే ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

"రేపు సెలవు పెట్టగలరా?"

"ఎందుకు?"

"కారులో కూర్చోవాలి. వెనక. మీటరు చూసి నాకు చెప్పాలి."

అతను చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఏం మీటరు? ఏం చూస్తున్నావు నువ్వు?"

"మీరు చెప్పింది."

సుధీంద్ర కొళాయి కట్టేశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"చీరలివ్వడానికి వెళ్లినప్పట్నుంచి. ఆ రోజు నాకూ బండి లాగలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"కారణం దొరకాలి కదా. దొరక్కపోతే..."

"దొరక్కపోతే నేను అబద్ధమాడినట్టా, అరూ?"

కాదు అని ఆమె అంది. కానీ ఆ మాట రావడానికి ఒక్క లిప్తపాటు ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని ఇద్దరూ విన్నారు. అతను చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వెళ్లిపోయాడు. ఇక రాడనుకుంది అరుంధతి. పొద్దున్న లేచి చూస్తే, అతను గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.

గ్యారేజీలో ఇర్షాద్ అతనికి నమస్కారం పెట్టాడు. చాయ్ తెప్పించాడు. వెనకాల ఎవరూ వచ్చి గుద్దకుండా తన తమ్ముణ్ని ఇంకో కారులో, లైట్లు మిణుకుమిణుకుమనేలా పెట్టుకుని, కొంచెం దూరంలో వెంట రమ్మన్నాడు. డిక్కీలో బ్యాటరీలు, వెనక సీటులో ఒకవైపు ఇసుక బస్తాలు. మిగిలిన ఎడమవైపు జాగాలో సుధీంద్ర కూర్చున్నాడు. బెల్టు కోసం వెతికాడు. దాని బకిల్ సీటు సందులో లోపలికి దిగబడిపోయి ఉంది. ఇరుకులో వేళ్లు పెట్టి, చాలాసేపు లాగి బయటికి తీసి పెట్టుకున్నాడు. అరుంధతి అద్దంలో చూస్తూ, అతను పెట్టుకునేదాకా ఆగి, అప్పుడు బండి కదిలించింది.

ఎండ ముదిరేదాకా ఊరికే తిప్పారు. మీటరు పెద్దగా కదలడం లేదు. సుధీంద్ర మధ్యమధ్య "పన్నెండున్నర" అనేవాడు, అంతే. తర్వాత అరుంధతి ఘాజీపూర్ వైపు తిప్పింది. ఏ ఫ్లైఓవర్ అని అతను అడగలేదు. మొదలు కనబడగానే సీటు పట్టుకున్నాడు.

"ఎక్కుతున్నాను" అంది.

"పన్నెండు" అన్నాడు వెనకనుంచి. "పన్నెండు కంటే తగ్గింది. పదకొండున్నర. పదకొండు..."

గేజ్ ముల్లు ఇంకా నిలబడే ఉంది. అరుంధతి కాలు నొక్కింది.

"పది. పది కంటే... తొమ్మిది..."

ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. ముల్లు జారింది. ఇంజను శబ్దం లోపలికి మింగుకుపోయింది. బండి కుదుపు తిని, ఇంకోసారి కుదుపు తిని, చేతులెత్తేసినట్టు నెమ్మదించింది. పెడల్ మీద ఆమె కాలు అడుగంటా ఉంది. వెనక నుంచి, ఎవరితోనూ కాకుండా, సుధీంద్ర అన్నాడు:

"ఇదే."

ఇర్షాద్ తమ్ముడి కారు వెనక అడ్డుగా ఉంది కాబట్టి మిగతా బండ్లు పక్కకి తప్పుకున్నాయి. అరుంధతి కాలు తీసి, ఏసీ కట్టేసి, మెల్లగా మళ్లీ అందుకుని పైకెక్కించింది. దిగాక ఖాళీ జాగా చూసి ఆపింది. వెనక్కి తిరిగితే సుధీంద్ర మీటరు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆసుపత్రిలో అడిగావు. నేను లేదన్నాను. తర్వాత మళ్లీ ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదు?" అన్నాడు.

ఇర్షాద్‌కి తెలుగు రాదు. అయినా అతను తలుపు తీసుకుని కిందికి దిగి, అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

"భయం. మీరు ఇంకేదైనా చెప్తారేమోనని" అంది అరుంధతి.

సుధీంద్ర కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు.

గ్యారేజీకొచ్చాక ఇర్షాద్ వెనక సీటు ఊడదీశాడు. పంపు దగ్గర తీగలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వాటి వెంటే ముందుకి వెతుక్కుంటూ వచ్చి, ఎడమ తలుపు పక్కన నేల మీది కార్పెట్ ఎత్తాడు. కార్పెట్ కింద వక్కపొడి పొట్లం ఒకటి నలిగి ఉంది. అది అనసూయమ్మదే. అరుంధతి దాన్ని తీసి పర్సులో పెట్టుకుంది. దాని పక్కనే తీగల కట్టలో ఒకచోట నల్లటి టేపు చుట్టి ఉంది. టేపు ఎండిపోయి పెంకులా అయింది. ఇర్షాద్ గోటితో గీరితే రాలిపోయింది. లోపల తీగని ఎప్పుడో తెంపి, మళ్లీ మెలిపెట్టి వదిలేశారు. రాగి నల్లబడి, పైతొడుగు కాలి ముడుచుకుపోయి ఉంది.

"సీఎన్‌జీ కిట్" అన్నాడు ఇర్షాద్ వెంటనే. "ముందు ఓనరు గ్యాసు కిట్ పెట్టించి ఉంటాడు. గ్యాసు మీద నడిచేటప్పుడు పెట్రోలు పంపు ఆగిపోవాలి కాబట్టి దాని తీగ తెంపుతారు. తర్వాత కిట్ తీసేసి అమ్మేటప్పుడు ఇలా మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. నేను ఎన్నో చూశాను. ముందే ఇక్కడ చూడాల్సింది."

వాళ్లు ఆ కారు పాతదే కొన్నారు. గ్యాసు కిట్ ఉండేదని అమ్మినాయన చెప్పలేదు.

"యాక్సిడెంట్ దెబ్బకి ఇలా అయిందేమో?" అని అడిగింది అరుంధతి. తనకి తెలిసినా, ఆ ప్రశ్న వేరే మనిషి జవాబుతో తీరాలి.

"నహీ మేడమ్. యే బహుత్ పురానా హై. ఈ మసి చూడండి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కాలింది. మామూలుగా వెళ్తుంటే ఈ కాస్త కరెంటుతో వచ్చే పెట్రోలు సరిపోతుంది. బరువుతో ఎక్కేటప్పుడు ఎక్కువ కావాలి. ఎండకి ఈ ముడి వేడెక్కితే ఆ వచ్చేది కూడా రాదు. అప్పుడు ఎవరు నడిపినా అంతే. నేను నడిపినా అంతే." చివరి మాట అతను సుధీంద్ర వైపు తిరిగి అన్నాడు.

ముడి ఉన్న ముక్క కత్తిరించి తీసేసి, కొత్త తీగ వేసి, టంకం వేసి అతికించాడు. ఆ నల్లటి ముక్క సుధీంద్ర చెయ్యి చాచి తీసుకున్నాడు. బొటనవేలితో రుద్దితే రాగి పొడిపొడిగా రాలింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇర్షాద్ బల్ల మీదే పెట్టేశాడు. ఇంటికి తెచ్చుకోలేదు.

మళ్లీ అదే బరువుతో, అదే ఎండలో ఎక్కారు. మీటరు పదమూడు దగ్గర నిలబడి కదల్లేదు. బండి పైదాకా ఒక్క గుక్కలో ఎక్కింది.

సాయంత్రం అరుంధతి తునికి ఫోన్ చేసి అన్నయ్యకి అన్నీ చెప్పింది. తీగ సంగతి, గేజ్ సంగతి, సుధీంద్ర వెనక సీటులో కూర్చున్న సంగతి.

"నేనలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు సదాశివరావు.

"నాతో కాదు అన్నయ్యా. ఆయనతో చెప్పు."

ఫోన్ తీసుకెళ్లి సుధీంద్ర చేతికిచ్చింది. అతను వింటూ నిలబడ్డాడు. "సరేనండీ బావగారూ" అన్నాడు. "లేదు, లేదు... మీరు బాధపడకండి... ఆదిత్యకి కూడా చెప్పండి, వాడు ఇంకా భయపడుతున్నాడు... ఉంటాను." ఫోన్ తిరిగిచ్చేసి దివాన్ మీద కూర్చున్నాడు.

అరుంధతి ఎదురుగా కూర్చుంది. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట ఇంత పెద్దదానికి మరీ చిన్నదనిపించి ఊరుకుంది.

"తెలిస్తే తేలికవుతుందనుకున్నాను" అన్నాడు సుధీంద్ర. "కాలేదు."

"ఎందుకని?"

అతను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేలకేసి చూశాడు. "గుద్దిన తర్వాత అత్తయ్యగారు కొంచెంసేపు స్పృహలోనే ఉన్నారు. నీకు చెప్పలేదు. నేను దిగి వెనక తలుపు తీశాను. నన్ను గుర్తుపట్టారు. ఏమైంది బాబూ అని అడిగారు. నాకు తెలీదండీ అన్నాను. అంబులెన్స్ వచ్చేలోపు మళ్లీ అడిగారు. మళ్లీ తెలీదన్నాను. ఆవిడతో నేను మాట్లాడింది అదే ఆఖరు. ఇవాళ తెలిసింది. ఇప్పుడు ఎవరికి చెప్పను?"

తల్లి మాట్లాడిందని అరుంధతికి ఇప్పటిదాకా తెలియదు. గుద్దగానే స్పృహ పోయిందనీ, ఆవిడకి ఏమీ తెలిసి ఉండదనీ ఇన్నాళ్లూ ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఉంది. ఆ ఆధారం చేజారింది. ఆమె ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. సుధీంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు కానీ ఊరుకోమనలేదు.

"నాకు చెప్పండి" అంది ఆమె, కళ్లు తుడుచుకుని. "మొదట్నుంచీ చెప్పండి. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి. నేను లేను కదా ఆ రోజు."

అతను నెమ్మదిగా మొదలుపెట్టాడు. లిఫ్టులో అనసూయమ్మ చెప్పులు మార్చి వేసుకున్నట్టు గమనించి మళ్లీ ఇంట్లోకి వెళ్లింది. కరోల్ బాగ్‌లో ఆదిత్య గది చూసి ముక్కు మూసుకుని, ఇంటి ఓనరుని నిలబెట్టి తెలుగులో చీవాట్లు పెట్టింది. అతను చేతులు జోడించి "జీ మాతాజీ, జీ మాతాజీ" అంటూ విన్నాడు. దారిలో అరటిపళ్లు కొనిపించింది. అందులో రెండు మగ్గలేదని వాటిని విడిగా పెట్టింది. ఆదిత్యకి ఉద్యోగం వచ్చినా రాకపోయినా వాడికి తిండి పెట్టే పిల్ల దొరకాలంది. ఇవన్నీ సుధీంద్ర మూడు నెలలుగా ఒక్కడే మోస్తున్నాడు. అరుంధతికి ఒక్కటీ తెలియదు.

చీవాట్ల దగ్గర ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఏమని తిట్టింది?" అని అడిగింది. అతను అత్తగారి మాటల్ని ఆవిడ యాసలోనే చెప్పడానికి ప్రయత్నించాడు. సరిగ్గా రాలేదు. ఆమె దిద్దింది. అతను మళ్లీ చెప్పాడు.

ఫ్లైఓవర్ దాకా వచ్చేసరికి బయట చీకటి పడింది. అతను ఆగి ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను అది కూడా చెప్పాడు.